పద్యం లేని రాణి

నేను నాటకాల్లో రాణి వేషం వేస్తాను. ఈ మాట మొదటే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. హొసకోటెలో ఇల్లు అద్దెకు అడిగినప్పుడల్లా ఈ సంగతి చివర్లో చెప్పి, ఓనరమ్మల ముఖాలు మాడిపోవడం చూసి చూసి, ఇప్పుడు ఎవరికైనా ముందే చెప్పేస్తున్నాను. ఇష్టమైతే వింటారు, లేకపోతే లేదు. ఏ ఊరి నాటకం, ఎవరు ఏ వేషం అనే వివరాలు మాత్రం రాయను. నేనింకా ఆ ఊళ్ళను నమ్ముకునే బతకాలి.

బెంగళూరు చుట్టుపక్కల పౌరాణిక నాటకం ఎలా ఆడతారో తెలియనివాళ్ళకు మా పద్ధతి వింతగా ఉంటుంది. మిగతా చోట్ల వేషం వేసినవాడికి డబ్బిస్తారు. మా దగ్గర వేషం వేసేవాడే డబ్బు కడతాడు. రాగులు పండించేవాడు, పాలు పోసేవాడు, చందాపుర ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చేవాడు, ఒక ఊరివాళ్ళంతా కలిసి నాటకం పెట్టుకుంటారు. ఒక్కో వేషానికి ఒక్కో రేటు. దేవుడికి ఎక్కువ, పెద్దరాజుకు ఇంకా ఎక్కువ, ఒకే ఒక్క పద్యం పాడి వెళ్ళిపోయే దూతకు తక్కువ. ఆ డబ్బుతోనే స్టేజీ, పరదాలు, కిరీటాలు, మైకులు వస్తాయి. హార్మోనియం పెట్టుకుని నెలల తరబడి అందరికీ పద్యాలు నేర్పే గురువును మేము మేష్ట్రు అంటాము. ఆయన జీతమూ అందులోంచే. ఆడవేషాలకు మాత్రం తమ ఇళ్ళల్లోని ఆడవాళ్ళను స్టేజీ ఎక్కించరు. బయటినుంచి నాలాంటిదాన్ని పిలిపిస్తారు. అంటే ఆ స్టేజీ మీద కిరీటం పెట్టుకున్నవాళ్ళంతా డబ్బు కట్టి నిలబడినవాళ్ళు. డబ్బు తీసుకుని నిలబడేది నేనొక్కదాన్నే.

వయసులో ఉన్నప్పుడు ఇది నాకు గొప్పగా అనిపించేది. వాళ్ళు సరదాకు వేస్తున్నారు, నేను విద్య తెలిసి వేస్తున్నాను అనుకుని తల ఎగరేసేదాన్ని. ఒక ఊళ్ళో నాటకానికి ముందు భోజనాలు పెట్టారు. రాజులనూ మంత్రులనూ ఇంటి లోపల కూర్చోబెట్టారు, నాకు వాకిట్లో ఆకు వేశారు. అప్పుడు అర్థమైంది నా గొప్ప ఏపాటిదో. కడుపు మండి అన్నం ముట్టకుండా లేచాను. ఆ రోజు నా పద్యానికి జనం ఎంత గోల చేశారంటే, ఆ ఇంటాయనే వచ్చి మైకు స్టాండు సరిచేసి పోయాడు. అదొక్కటే మాలాంటివాళ్ళకు మిగిలిన బలం. పాడినంతసేపు మమ్మల్ని ఎవరూ వాకిట్లో కూర్చోబెట్టలేరు.

ఆ పద్యం సంగతి చెప్పాలి. నిండు సభలోకి రాణిని ఈడ్చుకొస్తారు. ఆమె జుట్టు విరబోసుకుని నిలబడి, కూర్చున్న పెద్దలందరినీ ఒక్కొక్కరిగా చూసి, నన్ను పందెంలో పెట్టే హక్కు మీకెవరిచ్చారని నిలదీస్తుంది. మా వైపు నాటకాల్లో మాటలు కన్నడంలో నడుస్తాయి, ఈ ఘట్టానికి వచ్చేసరికి మాత్రం పద్యం తెలుగులోనే ఉండాలి. అది ఏ పుస్తకంలోనూ అచ్చయింది కాదు. మా మేష్ట్రుకు నేర్పిన గురువు కట్టిన పద్యమట. మేష్ట్రు దాన్ని నాకు చిన్నప్పుడు తన ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డులో కూర్చోబెట్టి నేర్పాడు. ఆ తట్టల వాసన ఇప్పటికీ ఆ రాగంలో నాకు తగులుతుంది. చివరి పాదంలో గొంతు పైకి వెళ్ళి అక్కడే నిలబడాలి, సభలో ఎవరూ జవాబు చెప్పరు కాబట్టి. అక్కడ ఊపిరి తీయకూడదని చెప్పి, తీసినప్పుడల్లా హార్మోనియం పెట్టె మీద టకీమని కొట్టేవాడు.

పోయినేడు మాకు పిలుపొచ్చింది సర్జాపుర దగ్గర ఒక ఊరినుంచి. ఊరని అంటున్నానుగానీ అక్కడ ఊరు కొంచెం, అపార్ట్‌మెంట్లు ఎక్కువ. నేను మొదటిసారి ఆడినప్పుడు స్టేజీ చుట్టూ రాగి చేలుండేవి. ఇప్పుడు ఆ చేలల్లో అంతస్తులు లేచాయి. చేను అమ్మినవాళ్ళకు చేతినిండా డబ్బొచ్చింది, చేయడానికి పనిలేదు. అందుకని నాటకాలు తగ్గిపోతాయని అనుకున్నాను. తగ్గలేదు, పెరిగాయి! డబ్బున్నవాడికి కారు, ఇల్లు అయిపోయాక ఇంకా ఏదో కావాలి గదా. ఊరందరి ముందూ కిరీటం పెట్టుకోవాలి. మేష్ట్రులకు ఊపిరాడనంత పని. ఆ విషయంలో నేను అపార్ట్‌మెంట్లను తిట్టలేను, నా ఇంట్లో అన్నం ఉడికింది కూడా ఆ డబ్బుతోనే.

ఈసారి పెద్దరాజు వేషం కొనుక్కున్నాయన ఒకప్పుడు అదే ఊళ్ళో దూత వేషం వేసినవాడే. చెడ్డవాడు కాదు. అప్పట్లో తన పద్యం అయిపోయినా ఇంటికి పోకుండా, పరదా పక్కన నిలబడి పెద్దరాజు పద్యాలన్నీ పెదాలు కదుపుతూ వినేవాడు. ఇప్పుడు చేను అమ్మాక సైట్ల బేరాలు చేస్తున్నాడు. మామూలు రేటుకు రెండింతలు కట్టి, చిన్నప్పటి ఆశ తీర్చుకుంటున్నాడు. గొంతులో శ్రుతి లేదు, కానీ ఆశ మాత్రం నిజం. ఆయన స్వయంగా మేష్ట్రును వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చి, ఆకులు, వక్కలు, కొబ్బరికాయ, అడ్వాన్సు పళ్ళెంలో పెట్టి నాకు తాంబూలం ఇచ్చాడు.

"అక్కా, నీ పద్యం వినాలనే మా ఊరోళ్ళు కాసుకోనుండారు. తప్పకుండా రావల్ల," అన్నాడు.

మా వృత్తిలో తాంబూలం పుచ్చుకుంటే కాగితం మీద సంతకం పెట్టినదానికంటే ఎక్కువ. జ్వరమొచ్చినా, ఇంట్లో ఎవరికేమైనా, వెళ్ళి తీరాలి. తాంబూలం తిప్పి ఇచ్చినదానికి ఇంకో ఊరు తాంబూలం ఇవ్వదు. నేను పళ్ళెం అందుకుని కళ్ళకద్దుకున్నాను.

రిహార్సలు ఆదివారం మధ్యాహ్నాలు, ఒక కొత్త బిల్డింగు కింద కార్లు పెట్టే చోట. నాటకం వారం రోజుల్లో ఉందనగా పెద్దరాజు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. పోలీసు స్టేషన్‌లో పర్మిషను ఇచ్చారట గానీ, రాత్రి పది గంటలకు మైకు ఆగిపోవాలన్నారట. అంతకు ముందేడు అపార్ట్‌మెంట్లవాళ్ళు ఫిర్యాదు చేశారట, పిల్లలకు నిద్రలేదని. తెల్లవార్లూ ఆడే నాటకం సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి పదింటికి ముగించాలి! అందరూ ఒక్కసారిగా అపార్ట్‌మెంట్లవాళ్ళను తిట్టడం మొదలుపెట్టారు. నేనూ తిట్టాను, అందరికంటే గట్టిగానే. తమాషా ఏమిటంటే, ఆ బాల్కనీల్లో సగం మంది తెలుగువాళ్ళే. మా పద్యం అర్థం కానివాళ్ళు కాదు, పొద్దున్నే లేచి ఆఫీసుకు పోవాల్సినవాళ్ళు. మా అమ్మాయి కూడా అట్లాంటి ఆఫీసులోనే పనిచేస్తుంది, తనకు నిద్ర చాలకపోతే ఇల్లు ఎలా అదిరిపోతుందో నాకు తెలుసు.

తిట్లు అయిపోయాక అసలు విషయానికొచ్చారు. నాటకాన్ని కోయాలి. ఎవరి పద్యాలు కోయాలి?

"నేను దుడ్డు కట్టిండేది పద్యాలకే గదా మేష్ట్రే," అన్నాడు పెద్దరాజు. "ఒగటి తగ్గినా మా యింట్లో ఊరుకోరు. బంధువులంతా వస్తా ఉండారు."

దేవుడి వేషం వేసేది పాల వ్యాపారం చేసే ఆయన. "నాది దేవుడప్పా! దేవుని పద్యం కోస్తారా యాడన్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. మంత్రి వేషంవాడు, తాను ఫ్యాక్టరీలో లోను పెట్టి వేషం కొన్నానని చెప్పాడు. దూత, ఉన్న ఒక్క పద్యమూ పోతుందేమోనని ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఎవరి మాటా తప్పని చెప్పడానికి లేదు. ఎవరి సొమ్ముకు వాళ్ళు లెక్క అడుగుతున్నారు. మేష్ట్రు హార్మోనియం తిత్తి మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. యాభై దాటిన నన్ను ఆయన ఇప్పటికీ పాపా అనే పిలుస్తాడు.

"పాపా, నువ్వు సభలోకి రా. జుట్టు విడుచుకోని నిలబడు. ఏడువు. పద్యం మాత్రం వద్దు. దుడ్డు పూర్తిగా ఇస్తామంటా ఉండారు," అన్నాడు.

నా నోరు ఆగలేదు.

"ఏమి మేష్ట్రే మీరు చెప్పేది? ఆమె సభకు వచ్చేదే అడిగేదానికి. అడక్కుండా సుమ్నే, ఊరికే నిలబడితే ఇంగెందుకు వచ్చినట్లు? ఆ చీర ఒక కొయ్యకు కట్టి నిలబెట్టండి, నేనెందుకు?"

పెద్దరాజు తన చెప్పులవైపు చూసుకుంటున్నాడు. మేష్ట్రు కళ్ళెత్తకుండానే, చాలా మెల్లగా అన్నాడు: "అందురూ కట్టినారు పాపా. నువ్వొక్కదానివే కట్టలేదు. ఇంగెవురిది కోసేది నేను?"

నిజం చెప్పాలంటే, ఆయన అన్యాయం చేయలేదు. ఉన్న సమయాన్ని కట్టినవాళ్ళ మధ్య పంచాడు, అంతే. నా వాటా ఎక్కడినుంచి వస్తుంది?

ఇంటికొచ్చి వంట చేస్తూ విషయం మా అమ్మాయికి చెప్పాను. అది ల్యాప్‌టాప్ మీదినుంచి తలెత్తి, "అమ్మా, ఫుల్ పేమెంట్ ఇస్తామన్నారు గదా? వర్క్ తక్కువ, జీతం సేమ్. నాకు ఎవురన్నా అట్లా ఆఫర్ ఇస్తే కళ్ళకద్దుకుంటా. నీ గొంతుకూ రెస్ట్ అయితాది," అంది. నా మేలు కోరే అంది పాపం. దాని లోకంలో అది సబబే. నేను దానికి ఎలా చెప్పను? కూలి ఇచ్చి పని వద్దంటే అది దయ కాదే అమ్మా, నువ్వు లేకున్నా జరిగిపోతుందని చెప్పడమే. ఆ మాట గొంతుదాకా వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే దాని ఆఫీసులో అదే నెలలో కొందరిని ఇంటికి పంపించారని, తనకూ ఆ భయం ఉందని నాకు తెలుసు. దాని కంచంలో అన్నం పెట్టాను.

తాంబూలం తిప్పి ఇచ్చేద్దామా అని వారమంతా అనుకున్నాను. కొబ్బరికాయ ఇంకా దేవుడి గూట్లోనే ఉంది. కానీ తిప్పి ఇస్తే నా పేరొక్కటే కాదు, నన్ను తీసుకొస్తానని ఊరికి మాటిచ్చిన మేష్ట్రు పేరూ పోతుంది. ఆయన వయసులో ఇంకో ఊరు దొరకదు. వెళ్ళాను.

స్టేజీ అపార్ట్‌మెంటు ప్రహరీగోడ పక్కనే ఖాళీ సైటులో కట్టారు. జనం బాగానే వచ్చారు. ముందు వరుసలో చాప వేసుకుని ఒక అవ్వ కూర్చుంది. ఆ చుట్టుపక్కల నేను ఎక్కడ ఆడినా వస్తుంది. నా పద్యం విని, కొంగుతో ముక్కు తుడుచుకుని, ఇక మిగతా నాటకం నాకెందుకన్నట్టు లేచి ఇంటికి పోతుంది. నన్ను చూసి చేయి ఊపింది. నేను పరదా వెనక్కి తప్పుకున్నాను.

పెద్దరాజు పాడాడు. శ్రుతి తప్పుతూ, చెమట పట్టి, అంత ఆనందంగా ఎవరైనా పాడటం నేను చూడలేదు. ఆయన మనుషులు ప్రతి పద్యానికీ వన్స్ మోర్ అని అరిచారు, ఆయన ప్రతిదీ మళ్ళీ పాడాడు. మధ్యలో నాటకం ఆపేశారు. ఎందుకంటే, ఆయన బంధువులు క్రేను పెట్టి యాపిల్ పండ్ల దండ తెప్పించారు! మనిషంత దండ. అది గాల్లో ఊగుతూ కిందికి రావాలి, ఆయన మెడలో పడాలి, పడ్డాక అందరూ స్టేజీ ఎక్కి ఫోటోలు దిగాలి. పరదా పక్కన నిలబడి చూస్తున్నాను. ఆ దండ దిగేలోపల నా పద్యం రెండుసార్లు పాడచ్చు. నాకు ఒళ్ళంతా మంటపుట్టింది. అయినా ఆ దండ కింద ఆయన కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నిలబడి ఉంటే, ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. పరదా పక్కన పెదాలు కదిపిన ఆ దూతే గదా ఆయన.

నా ఘట్టం వచ్చింది. నన్ను సభలోకి ఈడ్చుకొచ్చారు. జుట్టు విప్పుకుని మైకు ముందు నిలబడ్డాను. అప్పుడు మేష్ట్రు చేతులు, అలవాటుకొద్దీ, నా పద్యం ఎత్తుగడ వాయించేశాయి. అంతే, చిన్న ముక్క. వెంటనే ఆపేశాడు. నా రొమ్ము అప్పటికే ఊపిరితో నిండిపోయింది. నోరు తెరిచాను. కింద మైకు సెట్టు దగ్గర నాటకం కమిటీవాళ్ళు గడియారం చూసుకుంటున్నారు. గోడ అవతల బాల్కనీల్లో కొందరు నిలబడి ఫోన్లలో వీడియో తీస్తున్నారు.

"పాడు తల్లీ, పాడు!" అని అరిచింది అవ్వ.

నేను నోరు మూసుకున్నాను. తాంబూలం గుర్తొచ్చి కాదు, మేష్ట్రు గుర్తొచ్చీ కాదు. ఆ క్షణంలో నేను కూడా నమ్మేశాను, ఈ సమయం నాది కాదని. ఎవరో కొనుక్కున్న స్థలంలో పొరపాటున అడుగుపెట్టినట్టుగా అనిపించింది. ఏడుపు వచ్చింది. అది వేషం ఏడుపు కాదు, వెక్కి వెక్కి, ముక్కు కారి, రంగు చెదిరిపోయి ఏడ్చాను. జనం చప్పట్లు కొట్టారు. బాల్కనీల్లోంచి కూడా కొట్టారు. పరదా పడ్డాక పెద్దరాజు పరుగెత్తుకొచ్చి నా కాళ్ళకు దండం పెట్టి, "ఏమి యాక్టింగ్ అక్కా!" అన్నాడు.

రంగు తుడుచుకుంటుంటే అవ్వ వెతుక్కుంటూ లోపలికొచ్చింది. నా గడ్డం పట్టుకుని, "గొంతు పోయిందా తల్లీ? పాడలేకనే ఏడిస్తివి గదా? మిరియాల కషాయం తాగు, మళ్ళ వస్తాది," అంది.

పోలేదవ్వా, నా గొంతు బాగుంది, పాడొద్దన్నారు అని చెప్పాలి. కానీ పాడొద్దంటే ఊరుకున్నదాన్నని చెప్పుకోవడం కంటే, గొంతు పోయిందనిపించుకోవడమే తక్కువ సిగ్గుగా ఉంది. "ఔనవ్వా, తాగుతా," అన్నాను. ఆమె నా తల నిమిరి వెళ్ళిపోయింది. మేష్ట్రు ఆ పక్కనే హార్మోనియానికి గుడ్డ చుడుతున్నాడు. అంతా విన్నాడు.

ఆ వీడియో ఫోన్లలో తిరిగింది. మా అమ్మాయి ఆఫీసులో కూడా ఎవరో చూసి, మీ అమ్మ సూపర్ అన్నారట. అది ఇంటికొచ్చి నన్ను వాటేసుకుంది, నేనూ నవ్వాను. రెండు రోజులు ఎవరూ లేనప్పుడు వంటింట్లో ఆ పద్యం ఎత్తుకుని చూశాను. చివరి పాదందాకా బాగానే పోతోంది, అక్కడ మాత్రం మధ్యలో ఊపిరి తీసేస్తున్నాను. పెట్టె మీద టకీమని కొట్టేవాళ్ళు లేరు.

తర్వాత చందాపుర వైపునుంచి ఒక కమిటీ ఆయన ఫోను చేశాడు. మర్యాదస్తుడు, మాట మెత్తన.

"అక్కా, మీ వీడియో చూస్తిమి. పద్యం లేకుండా సుమ్నే ఏడ్చేది చానా బాగుండాది. మా నాటకానికీ అట్లే చేయల్ల. మాకూ పది గంటలకే మైకు ఆపల్లక్కా, టైము మిగుల్తాది."

అప్పుడు నాకు తెలిసింది నేనేం చేశానో. మా నాటకాల్లో ఒక ఊళ్ళో ఒక్కసారి జరిగింది ఇంకో ఊళ్ళో పద్ధతి అయి కూర్చుంటుంది. ఏడుస్తూ నిలబడిన ఆ కాస్సేపట్లో, నా తర్వాత వచ్చే రాణులందరికీ కూడా నేనే నోరు కుట్టేశాను. ఈసారి ఊరుకోదలచుకోలేదు.

"చూడప్పా, పద్యం ఉంటేనే నేను తాంబూలం పుచ్చుకునేది. పద్యం లేదంటే వేరేవాళ్ళను చూసుకోండి," అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది.

అవతల పక్కన ఎవరితోనో మాట్లాడినట్టున్నాడు. తర్వాత, నన్ను నొప్పించకూడదన్నట్టు, మెల్లగా అన్నాడు.

"అట్లే కానీలేక్కా. పాడండి. మా ఊళ్ళో పద్యం పాడేవాళ్ళంతా దుడ్డు కడతా ఉండారు గదా. మీరూ మీ పద్యానికి కట్టేస్తే, టైము ఇచ్చేస్తాము."

వెక్కిరింపు కాదు. నిజంగా సాయం చేద్దామనే అంటున్నాడు. ఫోను పెట్టేయాలనుకున్నాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాలనుకున్నాను, అవి నాకు బాగా వచ్చు. గూట్లో పోయినసారి తాంబూలం కొబ్బరికాయ అట్లాగే ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"ఎంతప్పా?" అని అడిగాను.